పిలిస్తే రాని ఆడవాళ్ళు

మొగుడి మీద డార్లీన్‌కి ఉన్న ఫిర్యాదులన్నీ ఏకరువు పెట్టాలంటే ఈ వారం వంటల పేజీ కూడా సీరియల్‌కే ఇచ్చెయ్యాలి. కాబట్టి ఒక్కటి చాలు. ఒరెస్ట్ ప్రతిదానికీ గిట్టుబాటు చూస్తాడు. గులాబీలు నాలుగు రోజుల్లో వాడిపోతాయి, అదే డబ్బుకి కుండీలో మొక్క అయితే రెండేళ్ళు బతుకుతుంది అని లెక్క కట్టి, ముప్పయ్యో పెళ్ళిరోజుకి జెరేనియం మొక్క తెచ్చాడు. నాలుగో రోజుకే అది చచ్చిపోయింది. నీళ్ళు పొయ్యలేదా అని అడిగాడు. పోస్తే గిట్టుబాటు కాదనుకున్నానంది డార్లీన్.

పాపం, అతని ఉద్యోగమే అది. మనిటోబాలో ఆ చుట్టుపక్కల ఆసుపత్రులన్నిటినీ నడిపే ఆరోగ్య సంఘానికి లెక్కల నిపుణుడు. ఏ మందు కొంటే, ఏ యంత్రం పెడితే, పెట్టిన డబ్బుకి తగ్గ ఆరోగ్యం జనానికి దక్కుతుందో తేల్చి చెప్పాలి. ఇన్నేళ్ళూ ముక్కూ మొహం తెలియని రోగులతో హాయిగా సాగిపోయిన ఆ లెక్క, వచ్చి వచ్చి కన్నతల్లి మంచం దగ్గర ఆగింది.

వెర్బా ఊరి ఆసుపత్రిలో రెండేళ్ళుగా ఒక ఏఐ పని చేస్తున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దగ్గుకో ఆయాసానికో ఎవరైనా ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంటే, ఊపిరితిత్తులు చూసి డాక్టరు పక్కన పెట్టేసిన ఆ బొమ్మనే అది మళ్ళీ తీసి, ఎముకల కేసి చూస్తుంది. ఫలానా ఆవిడ ఎముకలు గుల్లబారుతున్నట్టున్నాయి, సరిగ్గా పరీక్షించండి అని చెబుతుంది. ఆ సరైన పరీక్ష చేసే యంత్రం ఊళ్ళో లేదు. విన్నిపెగ్ నుంచి తెల్లటి వ్యానులో వస్తుంది. ఏఐ ఎవరి పేరు చెబితే వాళ్ళకి ఆసుపత్రి నుంచి ఫోన్ వెళ్తుంది. వెర్బాలో అలా పిలిచినవాళ్ళలో పదిమందికి ముగ్గురే వచ్చారు. ఇది గిట్టుబాటయ్యే పని కాదు, ఎత్తెయ్యండి అని ఒరెస్ట్ నివేదిక రాశాడు. శుక్రవారం పొద్దున సంఘం దాని మీద ఓటుకి చేతులెత్తబోతోంది.

ఈలోగా ఒరెస్ట్ తల్లి స్టెఫానియా, ఎనభై దాటిన మనిషి, చర్చి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయి మంచం మీదున్న ఆవిడ, "నన్ను కూడా పిలిచార్రా. నేను వెళ్ళలేదు" అని కొడుకుతో చెప్పి గోడవైపు తల తిప్పుకోవడం దగ్గర పోయినవారం మనం లేచి వచ్చేశాం.

ఆ తల మళ్ళీ ఇటు తిరగలేదు.

ఎందుకు వెళ్ళలేదమ్మా అని ఒరెస్ట్ మెల్లగా అడిగాడు. గట్టిగా అడిగాడు. నర్సు చేత అడిగించాడు. స్టెఫానియా నర్సుతో వాతావరణం మాట్లాడింది. సూప్‌లో ఉప్పు తక్కువైందని కోడలితో మాట్లాడింది. కొడుకుతో మాత్రం ఒక్క ముక్క లేదు. బుధవారం సాయంత్రం, ఇద్దరూ కోట్లు తొడుక్కుని బయల్దేరుతుంటే, గోడతోనే అన్నట్టు నోరు విప్పింది.

"రేపు గురువారం. బల్ల దగ్గర నా చోటు ఖాళీగా ఉంది."

"డార్లీన్ వెళ్తుంది కదమ్మా."

"దాని చోటు దానికుంది. నా చోట నువ్వు నిలబడు."

"అమ్మా, ఎల్లుండి నాకు మీటింగు..."

"ఎల్లుండి కదా," అంది స్టెఫానియా, కళ్ళు మూసుకుంది.

వెర్బాలో పుట్టినవాడికి దీని మీద వాదించడానికి ఏమీ ఉండదు. చర్చి కింద నేలమాళిగలో ప్రతి గురువారం ఆడవాళ్ళు, వలస వచ్చిన తాతలు వెంట తెచ్చుకున్న వంటకం, బంగాళాదుంప కూరిన పెరోగీలు చేసి అమ్ముతారు. చర్చికి పైకప్పు వేయించినా, బాయిలర్ మార్చినా, ఎవరింట్లోనైనా మనిషి పోతే వచ్చినవాళ్ళకి భోజనం పెట్టినా ఆ పెరోగీల డబ్బే. బల్ల దగ్గర ఎవరి చోటు వాళ్ళది, పెళ్ళయి వచ్చిననాటి నుంచి. ఎవరైనా మంచాన పడితే ఆ ఇంటి మనిషి వచ్చి అక్కడ నిలబడాలి. చోటు ఖాళీగా ఉండకూడదు. మగవాళ్ళకి వెనక గదిలో మరుగునీళ్ళ గుండిగలు, బరువులు మొయ్యడం. బల్ల దగ్గరికి మగవాణ్ణి పంపిన ఇల్లు ఇంతవరకూ లేదు. స్టెఫానియాకి కూతుళ్ళు లేరు కాబట్టి ఆ ముచ్చట కూడా తీరబోతోంది.

ఆ రాత్రి ఒరెస్ట్ సరిగ్గా పడుకోలేదు. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరుగుతూ ఫ్రిజ్ తెరవడం, ఏమీ తియ్యకుండా మూయడం. తెల్లారి కార్లో కూచున్నాక కూడా వేళ్ళు స్టీరింగు మీద టకటకలాడుతూనే ఉన్నాయి. రోడ్డు మీద మార్చి నెల మంచు, సగం కరిగి సగం గాజులా ఉంది.

"ఏఐది తప్పు కాదు," అన్నాడు, ఎవరూ అడగకుండానే. "అది చెప్పినవాళ్ళలో పరీక్షకి వచ్చినవాళ్ళని చూస్తే, చాలామందికి నిజంగానే గుల్లబారాయి. కొందరికి లేదనుకో, ఊరికే భయపడ్డారు, అది కూడా లెక్కలో వేశాను. పైగా అది చవక. ఎలాగూ తీసిన బొమ్మని మళ్ళీ చూడ్డమే కదా. ఖర్చంతా ఆ తర్వాత. వ్యాను, అందులో మనిషి, డీజిలు. పదిమందిని పిలిస్తే ఆరుగురొచ్చినా చాలు, కళ్ళకద్దుకుని ఉంచుకోమనేవాణ్ణి. మందులు వాడతారు, తుంటి విరగదు, ఆపరేషన్ తప్పుతుంది, ఆ తర్వాత నర్సింగ్ హోమ్ తప్పుతుంది. ముగ్గురొస్తే వ్యాను ఖర్చు కూడా రాదు."

"రెండు పూటలా మీ అమ్మకి సూప్ మోస్తున్నాను. నీ లెక్కలో అదెక్కడుంది?"

"అది ఆసుపత్రి ఖర్చు కాదు డార్లీన్."

"మరెవరి ఖర్చు?"

"అలాంటివి లెక్కలోకి రావు."

"నాకు తెలుసులే. ముప్పై ఏళ్ళుగా రాలేదు."

ఒరెస్ట్ వైపర్లు వేశాడు. అద్దం మీద ఏమీ లేదు. మళ్ళీ ఆపాడు. "వాళ్ళే వద్దన్నారు. ఫోన్ చేసి పిలిస్తే వద్దన్నారు. మనుషులు మాకొద్దు అంటే నేనేం చెయ్యగలను? మా అమ్మతో సహా."

డార్లీన్ తల తిప్పి మొగుడి మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు. నిజంగానే తెలియదు ఇతనికి. ఇన్నాళ్ళూ తెలిసే రాశాడనుకుంది, ఆ సంగతి కూడా ఎక్కడో ఒక గడిలో వేసే ఉంటాడనుకుంది. ఊళ్ళో కుక్కపిల్లకి కూడా తెలిసిన విషయం. చెబుదామని నోరు తెరిచి, మూసుకుంది. తను చెబితే, ఒకరి అనుభవాన్ని పట్టుకుని లెక్క మార్చకూడదు అంటాడు. ఆ వాక్యం ఆవిడకి జోలపాటలా వచ్చు.

"ముందు లోపలికి పద," అంది.

*

నేలమాళిగ అంతా ఉడికిన బంగాళాదుంప ఆవిరి, వేగిన ఉల్లిపాయల వాసన. ఈస్టర్ దగ్గరకొచ్చింది, ఆర్డర్లు గోడ మీద అంటించిన అట్ట దాటిపోయి పక్క గోడకెక్కాయి. పొడవాటి బల్లకి రెండువైపులా ఆడవాళ్ళు అప్పటికే పనిలో ఉన్నారు. ఒకరు పిండి చాపుతుంటే ఒకరు గ్లాసుతో గుండ్రంగా కోస్తున్నారు, మిగతావాళ్ళు మధ్యలో దుంపముద్ద పెట్టి, మడిచి, కజ్జికాయలా అంచు నొక్కుతున్నారు. చేతులు ఎంత ఆడుతున్నాయో నోళ్ళూ అంతే.

ఒరెస్ట్ మెట్లు దిగేసరికి నోళ్ళు ఆగాయి. చేతులు ఆగలేదు.

"వచ్చావా నాయనా," అంది పావ్లీనా. స్టెఫానియా లేనప్పుడు ఆ బల్లకి పావ్లీనాయే అధికారి. ఒరెస్ట్‌కి చిన్నప్పుడు ముక్కు తుడిచిన చేత్తోనే ఇప్పుడు ఏప్రనూ జుట్టు మీద వేసుకునే వలా అందించింది. "పెట్టుకో."

"పిన్నీ, నాకు జుట్టే లేదు కదా."

"ఉన్న నాలుగూ జనం తినే తిండిలో పడితే మంచిదా? పెట్టుకో."

పెట్టుకున్నాడు. బల్ల చివర ఎవరో కిసుక్కుమన్నారు. డార్లీన్ తన చోటికి, కిటికీ పక్కకి వెళ్ళింది. ముప్పై ఏళ్ళ కింద ఆవిడకి ఆ చోటిచ్చింది అత్తగారే. కిటికీలోంచి చలిగాలి కొడుతుంది కాబట్టి ఇంగ్లీషువాళ్ళమ్మాయికి అలవాటే అని. డార్లీన్ ముత్తాత స్కాట్లాండువాడు. అదే మాట అప్పుడంటే, రెండూ ఒకటే కదా అన్నారు.

ఒరెస్ట్ చేసిన మొదటి పెరోగీని పావ్లీనా వేళ్ళ మధ్య ఎత్తి అందరికీ చూపించింది. అది చేపలా నోరు తెరుచుకుని ఉంది.

"ఏమంటోందిది?"

"ఒరెస్ట్ ఎంత చదువుకున్నాడో చెబుతోంది," అంది ఎదురుగా నిలబడ్డ నెట్టీ.

అందరూ నవ్వారు. ఒరెస్ట్ కూడా నవ్వి నెట్టీ వైపు చూశాడు, ఆ నవ్వు అలాగే ఉండిపోయింది. నెట్టీ స్టెఫానియాకి ప్రాణస్నేహితురాలు, ఆవిడ ఈడుదే. పాలసీసాలు మోసే ప్లాస్టిక్ డబ్బాని బోర్లించి, దాని మీద నిలబడి ఉంది. డబ్బా మీదున్నా ఆవిడ గడ్డం బల్లకి దగ్గరగానే ఉంది. వీపు పైభాగం ముందుకు వంగి, తల ఎవరో వెనక నుంచి నెడుతున్నట్టుంది.

"నెట్టీ పెద్దమ్మా, ఆ డబ్బా ఎందుకెక్కారు?"

"బల్ల ఎత్తు పెరిగిందిరా," అంది నెట్టీ, అంచు నొక్కుతూ.

మళ్ళీ నవ్వారు. ఈసారి ఒరెస్ట్ నవ్వలేదు. చర్చి పాటల బృందంలో వెనక వరసలో నిలబడేది నెట్టీ, పొడుగని. ఇదే గదిలో అన్నిటికంటే పై అరలోంచి తేనె సీసా తీసి తనకి చెంచాతో నాకించింది నెట్టీ. మునివేళ్ళ మీద కూడా లేవకుండా. ఆ అర ఇంకా అక్కడే ఉంది. అతను అర వంక చూశాడు, డబ్బా వంక చూశాడు. పడకుండానే, దెబ్బ తగలకుండానే, ముసలితనం అనుకుంటుండగానే వెన్నుపూసలు ఒకటొకటిగా నలిగిపోతాయని అతని నివేదికలోనే ఉంది. మూడో పేజీలో, అంకెలతో.

"పెద్దమ్మా, మీకు ఛాతీ ఎక్స్‌రే ఎప్పుడైనా తీశారా?"

"ఆ ముదనష్టపు దగ్గు వచ్చినప్పుడు తీశారుగా. తర్వాత ఫోనూ చేశారు, ఎముకల పరీక్షకి రమ్మని."

"వెళ్ళారా?"

"నేనెలా వెళ్తాను?" అంది నెట్టీ. ఆవిడ కళ్ళు కిటికీ వైపు పోయాయి.

ఆ కిటికీ గోడలో పైన సన్నగా ఉంటుంది. అందులోంచి వీధిలో నడిచేవాళ్ళ బూట్లు కనిపిస్తాయి తప్ప మనుషులు కనిపించరు. వీధికి అవతల ఆసుపత్రి. దాని ముందున్న ఖాళీ స్థలంలో రెండు పెద్ద చక్రాలు, వాటి మీద తెల్లటి రేకు అంచు, ఒక చిన్న ఇనుప మెట్టు.

"వచ్చాడా మన వ్యాను పెళ్ళికొడుకు?" అంది పావ్లీనా, తల తిప్పకుండానే.

"వచ్చాడు," అంది డార్లీన్.

"రెండు వారాలకోసారి వస్తాడు. అదీ గురువారమే. నిలబడతాడు, పోతాడు. పోతూ పోతూ ఒక డజను పెరోగీలైనా కొనడు."

ఒరెస్ట్ చేతిలో పిండిబిళ్ళ అలాగే ఉంది. "గురువారం," అన్నాడు.

"చేతులు ఆడనియ్యి. పిండి ఎండిపోతే అంచు అతుక్కోదు."

"పిన్నీ, నిన్నూ పిలిచారా?"

"పిలవకేం. ఫోన్లో ఎవరో పిల్ల, గురువారం పదింటికి రాగలరా అంది. గురువారం కుదరదమ్మా అన్నాను. అయితే మీరు వద్దంటున్నారా అంది. గురువారం వద్దంటున్నాను అన్నాను. సరేనండీ, మీ సమయానికి థాంక్స్ అని పెట్టేసింది. మర్యాదగానే మాట్లాడింది, దాన్ని అనకూడదు."

"నాతోనూ ఇంతే," అంది నెట్టీ. బల్ల పొడుగునా తలలు ఊగాయి. ఒకావిడ అయితే, పిల్ల మరీ చిన్నదిలా ఉంటే పెరోగీలు ఎలా నొక్కాలో కూడా చెప్పిందట.

"వేరే రోజు అడగాల్సింది కదా."

"అడక్కుండా ఉన్నామా? వ్యాను గురువారమే వస్తుందట. ఎవడు పెట్టాడో ఆ గురువారం." పావ్లీనా అప్పడాల కర్ర పిండి మీద గట్టిగా దొర్లించింది. "ఈ ఊళ్ళో గురువారం పెళ్ళి పెట్టుకోరు. మనిషి పోతే సమాధి శనివారానికి జరుపుతారు. పళ్ళ డాక్టరు, ఎక్కడో అంటారియో వాడు, వాడు కూడా రెండు నెలలు చూసి గురువారం తలుపు మూసేశాడు. ఆసుపత్రి డాక్టరమ్మ అయితే ఎప్పుడో మానేసింది ఆ రోజు కూచోడం. ఎవరొస్తారని?"

ఒరెస్ట్ చెవులు ఎర్రబడ్డాయి. డార్లీన్‌కి ఆ చెవులు తెలుసు. పెళ్ళిలో ఉంగరం కారులో మరిచిపోయి వచ్చినప్పుడు కూడా ఇంతే ఎర్రగా ఉన్నాయి.

ఇప్పుడు ఆవిడకి ఆ భోజనం గుర్తొచ్చింది. రెండేళ్ళ కింద, ఈ పథకం మొదలైన కొత్తలో, ఒరెస్ట్ చాలా సంతోషంగా ఏదో చెప్పాడు. వెర్బా ఆసుపత్రిలో గురువారాలు ఒక్క అపాయింట్‌మెంటు కూడా ఉండదని కనిపెట్టాడట. గదులు ఖాళీ, ముందున్న స్థలం ఖాళీ, ఒక రోజుకి రోజు వృథాగా పోతోంది, వ్యాను అప్పుడు తెస్తే ఎవరి పనికీ అడ్డం రాదు, పైసా ఖర్చు లేదు అని. గిట్టుబాటు అన్న మాట వినగానే చెవులు మూసుకోవడం అలవాటు కాబట్టి డార్లీన్ సగమే విన్నది. ఆ రోజు ఎందుకు ఖాళీగా ఉంది అని అతనూ ఎవర్నీ అడగలేదు. ఆ మాటలు చెబుతూ అతను వరసగా మింగుతున్నవి గురువారం పెరోగీలే. పైన మీగడ వేసుకుని.

"అంటే," అన్నాడు ఒరెస్ట్, ఎవరి వైపూ చూడకుండా, "పిలుపుకి జవాబు రేటు... రోజును బట్టి మారే అవకాశాన్ని... ఒక ఊహలో కొంత సవరణ అవసరమనిపిస్తోంది."

పావ్లీనా డార్లీన్ వైపు తిరిగింది. "ఏమంటున్నాడే మీ ఆయన?"

"ఇంకా అనలేదు పిన్నీ. దారిలో ఉన్నాడు."

ఒరెస్ట్ చేతిలో పిండిబిళ్ళ కింద పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు. బల్ల చుట్టూ సగం దూరం నడిచి వెనక్కి వచ్చాడు. నిన్న రాత్రి ఫ్రిజ్ దగ్గర తిరిగిన నడకే. "వెళ్ళండి," అన్నాడు ఉన్నట్టుండి. "ఇప్పుడే. పిలిచినవాళ్ళు ఒక్కొక్కరుగా వెళ్ళి రండి. పావుగంట పని. మీ చోట నేను నిలబడతాను. రేపు వాళ్ళు చేతులెత్తితే ఇంక ఆ వ్యాను ఈ ఊరు రాదు."

"నువ్వా నిలబడేది?" పావ్లీనా నోరు తెరుచుకున్న పెరోగీని మళ్ళీ ఎత్తింది. "ఇది గుండిగలో పడితే మిగిలేది బంగాళాదుంప పులుసు. ఈస్టర్‌కి జనానికి అదే పంచమంటావా?"

"పిన్నీ, ఇది తమాషా కాదు."

"తమాషా అన్నానా? పిండి చాపాక ఎవరూ బల్ల వదలకూడదు. అది స్టెఫానియా మాట. ఆవిడ మంచంలో ఉందని ఆవిడ మాట కూడా మంచాన పడదు. ఆవిడని చెప్పమను, వెళ్తాం."

నెట్టీ అంచు నొక్కడం ఆపింది. పిండి అంటిన చేతులు తుడుచుకుంది. ఆ చెయ్యి నడుము వెనక ఏప్రన్ ముడి మీదికి పోయి, ఒక్క క్షణం అక్కడే ఆగి, మళ్ళీ బల్ల మీదికి రావడం డార్లీన్ చూసింది.

*

ఆ నేలమాళిగలో ఫోన్ సిగ్నల్ ఒక్క కిటికీ దగ్గరే అందుతుంది, అది కూడా ఫోన్‌ని గాజుకి ఆనించి పట్టుకుంటే. కాబట్టి డార్లీనే కుర్చీ ఎక్కి, స్పీకరు పెట్టి, చెయ్యి పైకెత్తి నిలబడింది. ఆసుపత్రిలో నర్సు ఎత్తింది. తర్వాత మంచం కడ్డీ కిర్రుమంది. తర్వాత ఊపిరి.

"అమ్మా, నేను," అన్నాడు ఒరెస్ట్.

ఊపిరి.

"బల్ల దగ్గరే ఉన్నాను. నీ చోటనే. అమ్మా, ఆ వ్యాను రోజు ఎంపిక విషయంలో, అప్పుడు మాకు అందుబాటులో ఉన్న వివరాల ప్రకారం..."

అటు నుంచి ఏమీ లేదు. ఇటు పావ్లీనా కర్ర ఆపింది.

కిటికీ అవతల ఇనుప మెట్టు మీదికి రెండు గోధుమరంగు బూట్లు దిగాయి. వ్యానులో పరీక్ష చేసే మనిషివి. అవి అటూ ఇటూ నాలుగు అడుగులు వేశాయి, ఆగాయి, మడమల మీద ఊగాయి. ఎవరైనా వస్తున్నారేమో అని చూసే బూట్లు అలాగే ఉంటాయి. డార్లీన్ చెయ్యి నొప్పెట్టడం మొదలైంది.

"అమ్మా, వింటున్నావా?"

ఊపిరి.

ఒరెస్ట్ తల మీది వల తీసేశాడు. దాన్ని గుప్పిట్లో నలిపాడు. వెనక గదిలో మగవాళ్ళు కూడా గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు.

"నాదే తప్పు," అన్నాడు. "గురువారం పెట్టింది నేనే. ఆ రోజు ఖాళీగా ఉందని సంబరపడ్డాను. ఎందుకు ఖాళీగా ఉందో అడగలేదు. ఈ గదిలో పెరిగినవాణ్ణి, నాకు తెలియాలి. వీళ్ళు వచ్చే వీలు లేని రోజున పిలిచి, పిలిస్తే రాలేదని రాశాను. నువ్వు కూడా వద్దన్నావని రాశాను. రేపు ఆ మాటే వాళ్ళ ముందు చదవబోయాను."

బల్ల మీద పిండి ఎండుతోంది, పావ్లీనా కూడా దాని సంగతి ఎత్తలేదు. డార్లీన్ మొగుణ్ణి చూసింది. ఈ మాట కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూసిందో, తీరా విన్నాక ఏదైనా ఎత్తిపొడుద్దామంటే ఏదీ నోటికి రాలేదు. బట్టతల మీద పిండి చారతో అతను చిన్నప్పటి ఫోటోలో ఉన్నట్టున్నాడు.

కిటికీ అవతల ఒక చెయ్యి కిందికి వచ్చి ఇనుప మెట్టుని పట్టుకుంది. మడిచి లోపలికి తోసింది. తలుపు మూసిన చప్పుడు వీధి దాటి వినిపించింది. పదకొండు కూడా కాలేదు. రెండింటిదాకా ఉండాల్సిన వ్యాను. ఎవరూ రాని చోట రెండింటిదాకా కూచోడం గిట్టుబాటు కాదని ఎవరో ఆ మనిషికి కూడా చెప్పి ఉంటారు.

కిటికీ చూడమన్నట్టు డార్లీన్ ఒరెస్ట్ వైపు కళ్ళెగరేసింది. అతను ఫోన్‌నే చూస్తున్నాడు. కాలితో కుర్చీ మీద తట్టింది. పావ్లీనా చూసి, కదలకు, సిగ్నల్ పోతుంది అన్నట్టు చెయ్యి ఊపింది.

"నెట్టీ ఉందా అక్కడ?" అంది స్టెఫానియా.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ గొంతు ఎప్పటిలా గద్దించినట్టు లేదు. మంచినీళ్ళు అడిగినట్టుంది.

"ఉన్నానే స్టెఫా," అంది నెట్టీ, డబ్బా మీద నుంచి.

"చలి మొదలవకముందు ఒక గురువారం నువ్వు ఏప్రన్ విప్పావు. జ్ఞాపకముందా? పావుగంటలో వచ్చేస్తా, ఆ పరీక్షేదో చేయించుకుంటా అన్నావు."

"ఇప్పుడెందుకే అవన్నీ."

"నేనేం చేశాను?"

నెట్టీ వేళ్ళు మళ్ళీ ఏప్రన్ ముడి మీదికి పోయాయి.

"చెప్పవే. వీళ్ళందర్నీ విననీ."

"మళ్ళీ కట్టావు," అంది నెట్టీ.

"రెండు ముళ్ళు వేశాను. మనవి గుర్రం ఎముకలు, ఎక్స్‌రే బొమ్మ చూసి ఆ కంప్యూటరుకేం తెలుస్తుంది అన్నాను. నువ్వెళ్తే ఇంకొకతి వెళ్తుంది, బల్ల ఖాళీ అవుతుంది అన్నాను. ఆ వేళ నీకు డబ్బా అక్కర్లేకుండానే బల్ల అందేది."

"పోనీలే స్టెఫా. నీ తుంటి చాలదా."

"నా తుంటి నా సొంతం. నీ నడుము కాదు."

వీధి అవతల ఇంజను గుర్రుమంది. తెల్లటి రేకు అంచు వణికింది. డార్లీన్ ఫోన్‌ని గాజుకి ఇంకా గట్టిగా ఆనించింది. ఆపండి, వ్యాను వెళ్ళిపోతోంది అని అరవాలి, అరిస్తే ఈ మాట ఆగిపోతుంది. అత్తగారు ఇంకోసారి గోడవైపు తిరిగితే ఇక జన్మకి ఇటు తిరగదు. ఒక్క వాక్యం. అది పూర్తయ్యేదాకా ఆ డ్రైవరు సీటు బెల్టు పెట్టుకుంటూ ఉంటే చాలు.

చక్రాల కింద మంచు కరకరలాడింది. ముందు చక్రం నెమ్మదిగా వీధి వైపు తిరిగింది.

"కొడుకుని గోడకి అప్పజెప్పి పడుకున్నాను, అడిగితే ఏం చెప్పాలో తెలీక," అంది స్టెఫానియా. "గురువారం తప్పు వాడిదే, కాదనను. ఆ ముడి మాత్రం నాది. నాదే తప్పే, నెట్టీ. విప్పుకుని వెళ్ళు."